అన్నమ్మ దిగిన బాయి

స్వతంత్రం ఎప్పుడొచ్చిందంటవా బిడ్డా? కోదాడ అవతలోళ్లకు ముందొచ్చింది, మనకు ఏడాది ఎనక. గీడ ఇంక నైజాం రాజ్యమే నడుస్తుండె. మా అత్త అన్నమ్మకైతే ఇంక ఆల్సెమాయె. జర గా సెంబు ఇటియ్యి. ఆఁ, ఏం చెప్తున్న?

మా మామ యాకోబు దొర బాయిలకు తోలుతోటి మోట బొక్కెనలు కుడుతుండె. వెట్టి గదా, కూలి లేదు. రజాకార్ల గడబిడల సంగమోళ్లు లేస్తే దొర పట్నం పారిపోయిండు. ఆయన బంజరు సంగమోళ్లు పంచిండ్రు. మా అత్తకు పాలకీడు తొవ్వల రాళ్లచెలక వచ్చింది. మొగుడు పెండ్లాం ఎండకాలమంత గాడ బాయి తవ్విండ్రు. నీళ్లు పడ్డంక మామ తనకోసం ఒక బొక్కెన కుట్టుకున్నడు. గదే మొదటిసారి.

ఇగ మిలిట్రీ వచ్చె, నైజాం రాజ్యం ఖతమాయె. ఊరంత సంబురం. ఆ ఎనకనే దొర గూడ వచ్చె, నెత్తిన తెల్లటోపి పెట్టుకొని. మామను సంగమోడని మిలిట్రోళ్లు పట్కపోయి క్యాంపుల పెట్టిండ్రు. దొర మనూరోళ్లనే గంపలతోటి తోలుకొచ్చి, బాయి పూడ్సుండ్రి అన్నడు. ఆయనది సన్నగొంతట, అత్త గట్లనే అని సూపిస్తుండె: "రాజ్యం మారింది గని భూమి మారలేదే అన్నమ్మా."

అత్త కొంగు నడుముకు చెక్కి, బాయిలకు దిగి నీళ్లల్ల నిలబడ్డది. పైకెళ్లి మట్టి పడ్డది, నెత్తి మీద, బుజాల మీద. "భయం కాలేదా అత్తా" అంటే, "కాకేంది. గని పైకొస్తే మళ్ల దొర గంప నేనే మొయ్యాలె గదనే" అనె.

గంప బోర్లిస్తున్న గొర్ల కొమురయ్య కిందికి ఒంగి సూసిండు. "అన్నమ్మా, పైకి రావే."

"మట్టి పొయ్యి కొమురన్నా. నీ మీద నాకేం కోపం లేదు."

ఆయన గంప కింద పెట్టిండు. "ఏందిరా" అని దొర గద్దిచ్చిండట. "గొర్లు ఇప్పే యాళ్లయింది దొరా" అనుకుంట కొమురయ్య పోయిండు. ఆయనెనక ఒక్కొక్కలే పోయిండ్రు. ఇగ దొర తానే ఎత్తుతడా గంప? ఆయన గూడ బండెక్కిండు.

చెలకల సగం తర్వాత గుంజుకున్నడనుకో. బాయి, దాని కింది మడి మిగిలినయ్. మామ క్యాంపుల్నించి దగ్గుతోటి వచ్చిండు, ఎక్కువ కాలం బతకలె. అత్త ఒక్కతే వరి పెట్టి, నేరేడుచర్లల అమ్మి, మీ తాతను బడికి తోలింది.

ఎండకాలం కొమురయ్య గొర్లకు ఆ బాయి నీళ్లే. ఆయన మాత్రం, మట్టి పోసిన చేతులాయె, బాయి దగ్గరికి ఎన్నడు రాకపోతుండె. గంత దూరంల నిలబడేది. అత్తనే తోడి, తొట్టిల పోసేది...

సెంబుల నీళ్లు సల్లగున్నయ్. నువ్వు గూడ తాగు.