శాలువా కప్పిన మర్నాడు

బెల్లు మీంచి వేలు తియ్యి రాధా, తియ్యి! నాకున్నది మోకాలు నొప్పేగాని చెవుడు కాదు. ఆ మోకాలు నొప్పి కూడా అబద్ధమేననుకో. దాని సంగతి తర్వాత.

లోపలికి రా. చెప్పులు అక్కడ వదులు. చేతిలో ఆ ట్రే ఏమిటి? బిర్యానీనా? పక్కన రేకులో చుట్టింది? ఓహో, టర్కీ! మసాలా పట్టించి గోంగూరలో వండారా? పాపం, ఆ పక్షి ఏనాడైనా అనుకుందా, కాలిఫోర్నియాలో పుట్టి గోంగూరలో పడతానని!

శాంతి పంపిందా నిన్ను? నాకు తెలుసులే. మీ ఇంట్లో ముప్ఫైమంది జనం, ఓవెన్‌లో ఏదో మాడుతూ ఉంటుంది, మీ ఆయన టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుని కూర్చుని ఉంటాడు. అదంతా వదిలేసి నువ్వు కారేసుకుని వచ్చావంటే ఎవరో పంపాలి. ఏమంది? "అమ్మ ఒక్కతే ఉందే, పండగ పూట ఒక్కతే ఉందే" అని గొంతు గద్గదం చేసుకుందా?

కూర్చో. నిలబడితే పాఠం ఎక్కదు.

చెప్పు చూద్దాం. మొన్న సోమవారం నేను ఎక్కడున్నాను? ఈ ఇంట్లోనే. ఎవరితో? ఒక్కదాన్నే. మంగళవారం? ఒక్కదాన్నే. పొద్దున్న అల్లుడుగారి కారు ఒకటి, శాంతి కారు ఒకటి గరాజ్ లోంచి బయటికి వెళ్ళాక, చీకటి పడేదాకా ఈ ఇంట్లో మాట్లాడేవి రెండే. నేనూ, డిష్‌వాషరూ. ఆ రోజుల్లో ఏ రోజైనా నువ్వు బిర్యానీ పట్టుకొచ్చావా? నిన్ను తప్పు పట్టడం లేదమ్మా, అడుగుతున్నాను. గురువారం వచ్చేసరికి, అదీ నవంబరులో ఈ థాంక్స్‌గివింగు అనే ఒక్క గురువారం, నేను ఒంటరిదాన్ని అయిపోయానా?

ఇంకో ప్రశ్న. మన ఉగాది ఎప్పుడు చేశారు ఈ ఏడు? శనివారం. అసలు ఉగాది ఏ రోజు? గుర్తులేదు కదూ? నాకు గుర్తుంది. ఆ రోజు వేపపువ్వు లేక, ఫ్రిజ్‌లో దాచిన కరివేపాకు రెండు రెబ్బలు చేదుకి చాలకపోతే, కాకరకాయ గీరి పచ్చడిలో వేసుకుని నేనొక్కదాన్నే తిన్నాను. దీపావళినీ ఆదివారానికి జరిపారు, వినాయకచవితినీ జరిపారు. అన్ని పండగల్నీ చాప జరిపినట్టు జరుపుతారు గాని, దీన్ని మాత్రం గురువారం నుంచి అంగుళం కదపలేరు. కదపమని నేనూ అనడం లేదు. నన్ను వదిలెయ్యమంటున్నాను. నాకు ఈ ఒక్క రోజు నా ఇష్టానికి కావాలి. అందుకే మోకాలు నొప్పని చెప్పి మీ ఇంటికి రాకుండా ఉండిపోయాను.

ఏమిటి అటు చూస్తున్నావు? ఆ సంచీనా? సంచీయే, ఇంకేముంది. చెబుతాను, తొందరపడకు. పిల్లలకి కూడా ఇదే చెప్పేదాన్ని, వెనక పేజీ తిప్పి జవాబు చూడకండర్రా అని.

కిందటేడు ఈ రోజు గుర్తుందా నీకు? ఎందుకుండదు, నువ్వే కదా అంతా నడిపించావు! ఇదే హాలు. ఈ రిక్లైనర్ మీద పట్టుచీర పరిచి నన్ను కూర్చోబెట్టారు. ఆ కరోకే మైకు నీ చేతిలో ఉంది. "త్యాగమూర్తి, మాతృమూర్తి" అంటూ నువ్వు సన్మానపత్రం చదువుతుంటే, ఇంకెన్ని మూర్తులు మిగిలాయా అని నేను పైన ఫ్యాన్ వంక చూస్తున్నాను. తర్వాత వరసగా ఒక్కొక్కళ్ళూ లేచి దేనికి థ్యాంక్‌ఫుల్లో చెప్పారు. ఒకరు ఉద్యోగానికి, ఒకరు గ్రీన్‌కార్డుకి, మీ చిన్నాడు ఏదో వీడియోగేముకి. మా వాళ్ళు మాత్రం నాకు. దేదీప్య కాలేజీ నుంచి వచ్చి ఉంది, మెడ కావిలించుకుని "అమ్మమ్మా, నన్ను పెంచావు, థ్యాంక్యూ" అంది. అల్లుడుగారు కళ్ళు తుడుచుకున్నారు. శాంతి ఇండియా నుంచి తెప్పించిన శాలువా కప్పింది. జరీ అంచు, మెరూన్ రంగు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు ఫొటోలు తీశావు.

బావుంది. చాలా బావుంది. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఇది బాగా విను రాధా, ఎందుకంటే అక్కడికెళ్ళి చెప్పేటప్పుడు నువ్వు ముందు వదిలేసేది ఈ వాక్యమే. నా కూతురు మంచిది. అల్లుడు కూతురికంటే మంచివాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

కాని అంతకు ముందు నాకు ఒకసారి శాలువా కప్పారమ్మా.

తెనాలి దగ్గర మా హైస్కూల్లో, నేను రిటైరైన రోజున. ఎదురుగా బెంచీల మీద పిల్లలు, పళ్ళాల్లో బత్తాయిలు, హెడ్మాస్టరు ఈశ్వరయ్యగారి ఉపన్యాసం. "అనంతలక్ష్మి టీచరుగారు లేని సోషల్ క్లాసు ఊహించలేం" అన్నారు. అందరం ఏడ్చాం. నేను కూడా. మర్నాడు పొద్దున అలవాటుకొద్దీ జడ వేసుకుని, చీర కట్టుకుని, బడికి వెళ్ళిపోయాను. నిజం! గేటు దాటాక గాని గుర్తు రాలేదు. సరే వచ్చాను కదా అని స్టాఫ్‌రూములోకి వెళితే, నా కుర్చీ మీద ఎవరిదో చేతిసంచీ ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయి లేచి నిలబడి, "నమస్కారమండీ, ఏం పనిమీద వచ్చారు?" అంది. మర్యాదగానే అంది. నాకు తగిలింది ఆ మర్యాదే.

అప్పుడు నేర్చుకున్నాను, శాలువా చలికి కప్పేది కాదని.

సరే, ఇప్పుడు ఇక్కడికి రా. కిందటేడు మీరందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. మగాళ్ళు టీవీ చవగ్గా వస్తుందని మడతకుర్చీలు పట్టుకుని షాపు ముందు క్యూ కట్టడానికి పోయారు. నేను తెల్లారగట్ల లేచి, కిందికి దిగి, చపాతీ పిండి కలుపుతున్నాను. శాంతి వచ్చింది. "అమ్మా, ఎందుకమ్మా ఇదంతా? బాక్సు కట్టేదెవరికి? దేదీప్య మధ్యాహ్నం దాకా లేవదు, తర్వాత మళ్ళీ కాలేజీకి పోతుంది. నువ్వింక హాయిగా రెస్ట్ తీసుకో" అంది. భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా.

పిండి చేతుల్తో నిలబడ్డాను. నాకు ఆ స్టాఫ్‌రూము అమ్మాయి కనిపించింది.

నవ్వకు. నాది వెర్రి అనుకుంటున్నావు. సరే, అనుకో. కాని ఒకటి చెప్పు, మనిళ్ళల్లో సొంతవాళ్ళకి ఎవరైనా థాంక్స్ చెబుతారా? మజ్జిగ పులిసిందని దెబ్బలాడతాం. కూరలో ఉప్పెక్కువైందని సాధిస్తాం. ఎందుకు? రేపూ నువ్వే వండాలి కాబట్టి. థాంక్స్ ఎవరికి చెబుతాం? రైల్లో జరిగి చోటిచ్చిన ఆవిడకి. మన స్టేషను వచ్చి, దిగిపోతూ చెబుతాం. అంతే కదా?

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ నాతో దెబ్బలాడలేదు రాధా. కూరలో ఉప్పు మరిచిపోయి చూశాను ఒకరోజు, కావాలనే. "సూపర్‌గా ఉంది అత్తయ్యగారూ, థాంక్స్" అన్నారు అల్లుడుగారు. ఉప్పులేని వంకాయకూర!

సరే, సంచీ. అడుగుతున్నావు కదా, తెరువు. తెరిచి చూడు.

అవును. పోపులడబ్బా. ఇండియా నుంచి వచ్చేటప్పుడు చీరల మధ్య చుట్టి తెచ్చిన డబ్బా. మూత మీద ఆ సొట్ట దేదీప్య నడక నేర్చుకునేటప్పుడు దాన్ని తోపుడుబండి చేసుకున్నప్పటిది.

దీన్ని ఎక్కడికి తీసుకెళుతున్నానా? మా ఇంటికి.

కూర్చో, కూర్చో. లేవకు. ఆ ఫోను లోపల పెట్టు, పాఠం ఇంకా అవలేదు.

ఎల్ కమీనో రోడ్డు మీద ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి చూశావా, ముందు నిమ్మచెట్లు ఉంటాయి? నాతో పార్కులో నడిచే చైనా ఆవిడ, మిసెస్ లిన్, అక్కడే ఉంటుంది. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆవిడ చెప్పేది నాకు తెలీదు, నేను చెప్పేది ఆవిడకు తెలీదు, అందుకే ఇన్నేళ్ళుగా ఒక్క మాట తేడా రాలేదు. నాకు సిటిజన్‌షిప్ వచ్చిన కొత్తలో ఆవిడే చెయ్యి పట్టుకుని ఆ అపార్ట్‌మెంట్ల ఆఫీసుకి తీసుకెళ్ళి నా పేరు కూడా రాయించింది. చోటు దొరకడానికి ఏళ్ళు పడుతుందన్నారు. నేనూ మరిచిపోయాను. మొన్న దసరాలప్పుడు ఫోనొచ్చింది, ఒక గది ఖాళీ అయింది, కావాలా అని. అంతకు ముందు ఏడాది అయితే, "మా ఇల్లు మాకుందమ్మా" అని పెట్టేసేదాన్ని. ఈసారి "కావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఒక గది, ఒక వంటిల్లు, తూర్పున కిటికీ. నీ గరాజ్ కంటే చిన్నది. ఒక్కొక్కటే బస్సులో చేరవేశాను. దేవుడి పటాలు, దుప్పట్లు, కొత్త కుక్కరు. అక్కడ నేను ఇంగువ వేసి పోపు పెడితే చలికోట్లకి వాసన పడుతుందని గరాజ్‌లోకి పొమ్మనేవాళ్ళు లేరు. మొన్న ఎండుమిరపకాయ వేయిస్తే పొగ అలారం మోగింది. పక్కవాటాలో మిసెస్ లిన్ అదే సమయానికి ఏదో మిరపకాయల కూర వేయిస్తోంది, ఆవిడ అలారమూ మోగింది. ఇద్దరం వరండాలోకొచ్చి, అట్టముక్కలతో విసురుకుంటూ, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాం. ఎన్నాళ్ళైందో అలా నవ్వి!

ఇవాళ అక్కడే వంట. ముద్దపప్పు, కాకరకాయ వేపుడు, అన్నం. ఇవాళ రాత్రి అక్కడే పడక, మొదటిసారి. ఇదీ నా థాంక్స్‌గివింగు. టర్కీ లేదు, మైకు లేదు, మూర్తులు లేవు. ఎవరూ నాకు థాంక్స్ చెప్పరు, నేనెవరికీ చెప్పను.

జనం ఏమనుకుంటారా? అమ్మా రాధా, ఈ ఊళ్ళో జనం అంటే నువ్వే కదా! కోప్పడకు, నిజం చెబుతున్నాను. "కూతురు గెంటేసింది" అని ఎవరైనా అంటే నువ్వే ఆపాలి. టీచరుగారికి రిటైర్మెంటు ఇచ్చారు, టీచరుగారు తీసుకున్నారు, అంతే. ఈ మాట నా నోటి మాటగా చెప్పు. కావాలంటే ఇంకోసారి చెబుతాను, రాసుకో.

శాలువా? అదీ అక్కడే ఉంది. తూర్పు కిటికీ కదా, పొద్దున వెళ్ళినప్పుడల్లా ఎండ మొహం మీద కొడుతోంది. ఆ కిటికీకి సరిగ్గా సరిపోయింది. జరీ అంచు కిందికి వచ్చేలా కట్టాను. చాలా బావుంది, నిజంగా.

పద, బస్సుకి వేళవుతోంది. సెలవు కాబట్టి ఇవాళ ఆదివారం లెక్కన తిరుగుతాయి, ఇది పోతే మళ్ళీ చాలాసేపు నిలబడాలి. నీ కారా? సరే, స్టాపు దాకా దింపు. ఇంటిదాకా వద్దు. అలిగితే అలుగు. ఆ గడపలో మన వైపు నుంచి మొదట అడుగుపెట్టాల్సింది శాంతి. అందుకని.

లేదు. దానికి ఇంకా చెప్పలేదు.

ఇలా చూడు, ఈ పొయ్యి పక్క అలమర. ఈ పాతది తీసేసి, కొత్త పోపులడబ్బా కొని, ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు అన్నీ నింపి, దాని చోట పెట్టి వారం దాటింది. మెరిసిపోతోంది కదూ? రోజూ తీస్తోంది శాంతి, పోపు వేస్తోంది, మూత పెడుతోంది. పాతదేదమ్మా అని అడుగుతుందేమో, అడిగితే అప్పుడే చెప్పేద్దామని చూశాను. పరీక్ష పెట్టాననుకో. ఇంకా అడగలేదు.

ఇవాళ రాత్రి ఫోన్లో చెబుతాను. నాకేం భయమా? డీఈఓ తనిఖీకి వచ్చినా వణకనిదాన్ని.

అది ఏడుస్తుందనుకుంటున్నావు నువ్వు. ఏడిస్తే ఎంత బావుణ్ణు! "ఎవర్నడిగి వెళ్ళావే? తిరిగి రా, పోపులడబ్బా పట్టుకుని మర్యాదగా తిరిగి రా" అని అరిస్తే, ఫోను చెవికి దూరంగా పెట్టుకుని వింటాను. వెళ్ళను, అది వేరు. కాని వింటాను.

నా భయమల్లా, అది "సరే అమ్మా, నీకెలా హాయిగా ఉంటే అలాగే చెయ్యి. చెప్పినందుకు థాంక్స్ అమ్మా" అంటుందేమోనని.

పద రాధా. ఆ బిర్యానీ ట్రే మరిచిపోకు, మీ ఇంట్లో జనం చాలామంది ఉన్నారు.