స్వచ్ఛందంగా

కార్ల సైలెన్సర్లు తయారుచేసే కర్మాగారం. గొట్టాల్ని నీళ్లలో ముంచి లీకులు పట్టే తొట్టి దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఆ పనే చేస్తున్న ఆవిడ. ఆవిడ ముందు, చేతిలో కాగితంతో, ఆఫీసు గుమాస్తాగా ఉన్న మరిది.

"చదివే తెచ్చావా, ఇమ్మంటే మోసుకొచ్చావా?"

"చదివాను వదినా."

"అయితే ఈ మాటకి అర్థం చెప్పు. స్వచ్ఛందంగా."

"అంటే... మన ఇష్టంతో."

"ఎవరిష్టం?"

"అది కాగితం భాష. అన్నిచోట్లా అలాగే రాస్తారు."

"కొత్త కరెంటు కార్లకి పొగే లేదు, మా సరుకు ఎవరికీ అక్కర్లేదు, మూసేస్తున్నాం అని రాయమను. అది నిజం. మూసేది వాళ్లయితే మానేసింది మేమా?"

"మూసేశామని రాస్తే నోటీసివ్వాలి, పరిహారమివ్వాలి, బోలెడుంటుంది..."

"మేం మానేశామని రాస్తే?"

"ఈ నెల జీతం."

"పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకున్న చేత్తో ఈ అబద్ధం మీద సంతకం పెట్టమంటావు."

"దేవుడు సంతకాలు కూడా చూస్తాడా వదినా?"

"ఆయన సంగతేమో. నేను చూస్తాను."

"నువ్వొక్కదానివే మిగిలావు. ముప్పై తొమ్మిది మందీ పెట్టేశారు."

"ముప్పై తొమ్మిది మందీ? వెల్డింగు బాబాయి కూడా? నిన్న గేటు దగ్గర, చస్తే పెట్టనన్నాడు."

"ఆయన కూడా."

"ఛీ. అందుకేనా పొద్దుట్నుంచీ నన్ను చూసి మొహాలు తిప్పుకుంటున్నారు. సిగ్గు కాబోలు. మా రేకులు నయం, వంచితే చప్పుడైనా చేస్తాయి."

"వాళ్లననకు వదినా."

"ఎందుకనకూడదు? భయపెట్టావా?"

"లేదు."

"ఆశపెట్టావా?"

"నా దగ్గరేముంది? నలభై సంతకాలూ తెస్తే నన్ను రెండో ప్లాంటులో ఉంచుతామన్నారు. అంతే."

"ఓహో. నలభై మందిని దించితే నీకో కుర్చీ."

"పిల్లలున్నారు వదినా."

"మిగతావాళ్లకున్నవి కోళ్లా?"

"పెట్టెయ్ వదినా. నువ్వు పెట్టకపోతే... బాగుండదు."

"ఎవరికి?"

"ఎవరికైనా."

"నీ మాటలో బుడగలొస్తున్నాయి మరిదీ. ఎక్కడో కారుతోంది. ఏదీ, ఆ కాగితం ఇలా తే."

"పెడతావా?"

"చూస్తాను... మొదటి గడి ఖాళీగా ఉందేం?"

"అది నీది."

"అందరూ రెండో గడి నుంచి మొదలెట్టారా? ఈ మడతేంటి?"

"జేబులో పెట్టుకున్నాను, అందుకని..."

"జేబులో పెడితే నాలుగు మడతలుంటాయి. ఇది ఒకటే. పైనున్న రాతా, నా గడీ వెనక్కి పోయేలా. ఇలా మడిచి పట్టుకుని చూపించావా వాళ్లకి?"

"మెల్లగా వదినా, వింటారు."

"మడత వెనక ఏముందని చెప్పావు?"

"నీ సంతకం."

"ఒక్కరూ విప్పి చూడలేదా?"

"చూస్తారా అని నేనే అడిగాను. బాబాయే వద్దన్నాడు. ఆవిడ పెట్టిందంటే ఇంక మేం చదివేదేముందన్నాడు."