నాన్న నిప్పు

చైనాలోని వూయీ రాతికొండల్లో వాన పట్టిన మధ్యాహ్నం. తండ్రిని మట్టి చేసి వచ్చిన కొద్ది రోజులకే, తేయాకు వేయించే గదిలో, బొగ్గుల గుంట మీద పెట్టిన వెదురు బుట్ట దగ్గర అక్కా తమ్ముడూ.

"ఒరేయ్, బుట్టలో ఆకు తిరగేసింది నువ్వేనా?"

"నువ్వేమో అనుకున్నాను."

"నేనిప్పుడేగా వచ్చింది! బొగ్గుల మీద బూడిద చూడు, ఎంత నున్నగా పరిచి ఉందో. నీకు చచ్చినా రాదు ఆ పని."

"వెక్కిరింపులు తర్వాత. నాకు భయమేస్తోందక్కా."

"నిజం చెప్పు. నాన్న పోయిన రోజు ఈ గుంటలో నిప్పు ఆర్పావా?"

"ఆకు సగమే వేగింది. ఆర్పితే ఏడాది పంటంతా పాడయ్యేది."

"మనింట్లో వేయించే మనిషి పోతే ఆయన నిప్పు ఆర్పి కొత్తది రాజెయ్యాలి. లేకపోతే పని వదిలి వెళ్ళడని తాత మొత్తుకునేవాడు కదరా!"

"సరే, ఇప్పుడే ఆర్పేస్తాను. నీళ్ళు అందుకో."

"ముందు బూడిద పక్కకి లాగు."

"అక్కా... లోపల నిప్పే లేదు. బొగ్గులన్నీ చల్లగా ఉన్నాయి."

"మరి ఆకు వేగుతున్న వాసన వస్తోందే?"

"బుట్ట వెచ్చగానే ఉంది. అంతా కాదు. వేడి చూడ్డానికి నాన్న చెయ్యి ఆనించేవాడే, ఆ చోట మాత్రం."

"చెయ్యి తియ్యరా!"

"నేను తీస్తూనే ఉన్నానక్కా. ఆయనే వదలట్లేదు."