ఎంకన్న వేసిన ఆయిల్ సీల్

యూనివర్సిటీ గేటు ముందర పేరయ్య చాయ్ బండి కాడ మెకానిక్ ఎంకన్న ఒక్కతాన నిలుస్తలేడు. కూసుంటడు, లేస్తడు, రోడ్డవతల ఆగి ఉన్న తెల్ల అంబాసిడర్‌ను చూస్తడు, మళ్ల కూసుంటడు. ఇంకో గంటల పెండ్లిపిల్ల హన్నాను దాంట్ల ఎక్కించుకొని విద్యానగర్ చర్చికి తోలుకపోవాలె. కారు హన్నా తాతది. రిపేరు చేసింది ఎంకన్న. ఎట్ల చేసిండో చెప్తుంటే ఇంటున్నది ముగ్గురు: పేరయ్య, పీహెచ్‌డీ చేస్తున్న సుప్రజ, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల ముప్పై ఏండ్లు ఫిట్టర్‌గ చేసి రిటైరైన కొమురెల్లి.

“నేను తార్నాక మెట్రో మెట్లెక్కుతున్న. కింద గీ కారు పోతున్నది, గుయ్యిమని సప్పుడు. గంతే. ఎనక యాక్సిల్, కుడి దిక్కు బేరింగ్ అరిగిందని మెట్ల మీదనే చెప్పేసిన.”

“ఎవలకు చెప్పినవే?” అన్నడు పేరయ్య.

“ఇనరాదు జెర. హన్నా వాళ్లమ్మ ఎస్తేరు మేడం మస్తు పరేషాన్ల ఉన్నది. ఆయిల్‌ను ఆపే లోపటి సీల్ గూడ పోయి, ఆయిల్ కారి బ్రేకుల మీద పడుతున్నదట. మా నాయిన కార్లనే నా బిడ్డ చర్చికి పోవాలె ఎంకన్నా అన్నది. ఫికర్ చెయ్యకున్రి మేడం అని కుడి చక్రం ఇప్పిన, బ్రేక్ డ్రమ్ము ఇప్పిన, యాక్సిల్ రాడ్డు పట్టి గుంజిన. రాడ్డు రాలే గని, కారే నా ఎంబడి వచ్చింది. హ్యాండ్ బ్రేక్ ఏసే ఉన్నది. గుంజుకుంట గుంజుకుంట పోతే హబ్సిగూడ సిగ్నల్ దాంక పోయినం.”

“మూడు చక్రాల మీదనా?” అన్నది సుప్రజ.

“నాలుగో మూల నా చేతులనే ఉన్నది గద, మేడం. గాడ పోలీసాయన ఆపి, డ్రైవర్ ఏడి అన్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సార్, ఒక్క నిమిషం అని చిటికెన ఏలుతోని గుంజిన. రాడ్డు ఊడొచ్చింది. ఆయన సెల్యూట్ కొట్టిండు.”

ఎంకన్న లేచి రోడ్డు దాంక పోయి, కారు చక్రం దిక్కు వంగి చూసి వచ్చిండు. చాయ్ చల్లారిపోయింది. తాగలే.

“కొత్త బేరింగ్, కొత్త సీల్ ఏసి, జాకీ మీద చక్రాన్ని ఒక్కసారి తిప్పి ఇడిసిపెట్టిన. బేస్తారం తిప్పితే శనారం దాంక తిరిగింది. గా గాలికి ఎస్తేరు మేడం కూలర్ బంద్ చేసింది. తీగె మీద బట్టలారినయ్. కరెంటు మీటరు ఎనకకు తిరిగింది, పేరయ్యా. ఇగ సీల్ సంగతంటవా, నూనె కాదు, నూనె వాసన గూడ బయటికి రాదు.”

కొమురెల్లి మెల్లగ అడిగిండు.

“సీల్‌ల సన్న స్ప్రింగు ఉంటది. దాన్ని ఏ దిక్కు పెట్టినవ్ రా?”

ఎంకన్న చక్రం దిక్కు ఏలు చూపిండు. “బయటి దిక్కు. కనవడుతది గదన్నా.”

“లోపట ఆయిల్ దిక్కుండాలె. ఉల్టా పెడితే సీల్ ఆయిల్‌ను ఆపది.”

ఎంకన్న బెంచి మీద కూలవడ్డడు. “పొద్దుగాల గీడికి తెస్తుంటే బ్రేక్ జెర జారింది,” అన్నడు చిన్నగ. “అప్పటిసంది పానం నిమ్మలంగ లేదన్నా.”

కొమురెల్లి పోయి చక్రం లోపటికి చెయ్యి పెట్టి తీసిండు. చేతి ఏళ్లనిండ ఆయిల్.

“పెండ్లిపిల్లను దీంట్ల ఎక్కియ్యకు.”

సుప్రజ ఉరికి ఆటోను ఆపింది. ఎంకన్న ఎస్తేరు మేడంకు ఫోన్ చేసిండు. ఇప్పుడు ఏం కథ అల్లుతడో అని పేరయ్య గిలాసలు కడుగుడు ఆపి చూస్తున్నడు.

“మేడం, సీల్ ఉల్టా పెట్టిన. బ్రేక్ పట్టది. కారు వద్దు, ఆటో తెస్తున్న.”

అవతల మేడం ఏందో అన్నది. ఎంకన్న మళ్ల అదే మాట చెప్పిండు. ఇంకోసారి చెప్పిండు. ఆకరికి ఫోన్ కొమురెల్లి చేతుల పెట్టిండు.

“నమ్ముతలేదన్నా. కోతలు ఆపి కారు తే అంటున్నది. నువ్వు చెప్పు.”

కొమురెల్లి చెప్పినంక నమ్మింది. అప్పటికే ఎంకన్న ఆటోల కూసున్నడు.