అద్దాల బీరువా వెనక గోడ

కూర్చో అమ్మా, ముందు కూర్చో. అలా బీరువాకి చేతులు అడ్డం పెట్టి నిలబడితే ఏం లాభం? దీన్ని మోసుకెళ్ళే మనుషులు కింద ఇంకా తాళ్ళు విప్పుకుంటున్నారు. దమన్‌హూర్ నుంచి బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చావు. టీకి నీళ్ళు పెట్టాను, తాగుదువుగాని.

ఏంటా చూపు? అవును, తీసేస్తున్నాను. నా పెళ్ళికి నువ్విచ్చిన నీష్‌నే, ఈ నిలువెత్తు అద్దాల బీరువానే. నలుగురూ ఏమనుకుంటారా? పాపం, అలెగ్జాండ్రియా ఊరు ఊరంతా పనులు మానుకుని కూర్చుంది కదా, నీ కూతురు ఇన్‌షిరాహ్ ఇంట్లో నీష్ ఉందా లేదా అని.

నీ కష్టం నాకు తెలియదనకు. ఊళ్ళో వాళ్ళ బట్టలు కుట్టి కుట్టి కళ్ళు పాడు చేసుకుని ఒక్కో సెట్టూ కొన్నావు. కప్పులూ సాసర్లూ లారీ మీద అందరికీ కనబడేలా పేర్చి, డప్పులు కొట్టించి మరీ పంపావు. నాకూ గర్వంగానే ఉండింది. కానీ ఇన్నేళ్ళలో ఒక్క కప్పులో ఎవరైనా టీ తాగారా చెప్పు? గొప్ప చుట్టాలొస్తే తీద్దాం అన్నావు. ఎవరొచ్చినా, వీళ్ళు అంత గొప్పవాళ్ళేం కాదులే అన్నావు. మా మామగారు పోయేదాకా గాజు గ్లాసులోనే తాగాడు, పాపం మనిషి.

సరే, అది పోనీ. మా పిల్ల దుర్రియాకి దగ్గు మొదలైనప్పుడు ఏమన్నావు? చలిగాలి తగిలింది అన్నావు. కిటికీలు మూసేయించి సందుల్లో పాత గుడ్డలు కుక్కించావు. వెచ్చగా ఉంటుందని పిల్ల మంచం తెచ్చి ఎక్కడ వేయించావు? ఇదిగో, ఈ నీష్ పక్కనే.

దగ్గు కాస్తా పిల్లికూతలైంది. ఇంకేముంది, దిష్టి. ఎదురింటి ఉమ్మ్ ఫౌజీ పిల్ల బుగ్గ గిల్లి, దిష్టి తగలకుండా అనే మాషా అల్లా కూడా అనకుండా వెళ్ళిపోయిందట. నిప్పుల మీద పటిక వేశావు. అది కరిగి ముద్దయితే అందులో నీకు ఉమ్మ్ ఫౌజీ కన్ను కనబడింది, ముక్కు కూడా కనబడింది. నాకు మాత్రం పటికే కనబడింది. ఆ పొగ పిల్ల మొహం కింద పెడితే పెదాలు నీలంగా తిరిగేదాకా దగ్గింది. చూశావా, దిష్టి బయటికొస్తోంది అని సంబరపడ్డావు.

నవ్వొస్తోందా? రాదులే, నాకూ రాలేదు.

ఉబ్బసం అమ్మా అది. డాక్టరమ్మ చెప్పింది కదా, చెమ్మ ఉన్నచోట బూజు పడుతుంది, ఆ బూజు పొడి ఇంట్లో గాలిలో తిరుగుతుంది, ఇలాంటి పిల్లలు అది పీలిస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి అని. పొగ అసలు పనికిరాదంది. ఎప్పుడూ జరపని సామాను ఏదైనా ఉందా ఇంట్లో అని కూడా అడిగింది. ఏమీ లేదండీ అన్నాను. ఎవరనుకుంటారు నీష్ కూడా ఒక సామానని? దాన్ని తుడుస్తాం, దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ, జరుపుతామా ఎక్కడైనా? స్నానాల గది గీకాను, వంటింటి గోడ గీకాను. ఇల్లు అద్దంలా ఉంచాను. పిల్లకి మాత్రం తగ్గలేదు.

మొన్న శుక్రవారం, మా ఆయన జలాల్ నమాజు నుంచి వచ్చేసరికి పిల్లకి ఊపిరాడటం లేదు. మాట లేదు, డొక్కలు లోపలికి పోతున్నాయి. మందు పీల్చే గొట్టం నా చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్ళి నీష్ కిందికి పోయింది. చెయ్యి పెడితే అందదు, చీపురు పెడితే ఇంకా లోపలికి పోయింది. ఇద్దరం కలిసి బీరువాని గుంజాం. లోపల కప్పులు కూలుతుంటే నాకు వినబడిందో లేదో కూడా తెలీదు.

గొట్టం దొరికింది. పీల్పించాను. కాసేపటికి పిల్ల ఊపిరి దారిలో పడింది. "అమ్మా, ఇప్పుడు పడుకోవచ్చా?" అంది. అప్పుడు తలెత్తి చూశాను గోడని.

ఇటు తొంగిచూడు. చూడమ్మా, భయపడకు. నేల నుంచి నా భుజం దాకా నలుపే. సముద్రం వైపు గోడ, చలికాలం వానంతా తాగింది. మనమేమో గాలి చొరకుండా బీరువాని దానికి ఆనించి పెట్టాం. వెనక చెక్క ముట్టుకుంటే మెత్తగా చేతికొస్తోంది. పిల్ల తల పెట్టుకునేది దీని పక్కనే.

నీకు ఫోన్ చేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. నువ్వు అడిగిన మొదటి మాట గుర్తుందా? "ఎన్ని కప్పులు పగిలాయి?"

ఇంకో గోడకి జరుపుదామా? ఏ గోడకి? చెక్కలోకే దిగిపోయింది బూజు, ఎక్కడ పెడితే అక్కడే తిరిగి లేస్తుంది. ఆ సంచిలో ఏంటి, సాంబ్రాణా? ముడి విప్పకు.

పిల్ల ఎక్కడా? ఇప్పటికి అడిగావు. ఉమ్మ్ ఫౌజీ ఇంట్లో ఉంది. అవును, నీ పటికలో కనబడ్డావిడే. గోడ గీకించి, ఆరబెట్టి, సున్నం వేయించేదాకా అక్కడే ఉంచుకుంటానంది. వాళ్ళింట్లో నీష్ లేదు. రాత్రి పిల్ల దగ్గలేదట.

ఇదిగో టీ. అవును, బంగారు అంచు కప్పే, పగలకుండా మిగిలిన వాటిలోది. తాగు. నీకంటే గొప్ప చుట్టం నాకెవరున్నారు?

ముక్కెందుకు ముడుస్తావు? వాసనా? బీరువాలోంచి తీసి కడక్కుండానే పోశానులే. ఒక్క గుక్కకే అట్లా అయిపోతే ఎలా? నీ మనవరాలు రెండు చలికాలాలు పీల్చింది ఆ వాసన.

సరే, వద్దంటే అక్కడ పెట్టు. మెట్ల మీద అడుగులు వినబడుతున్నాయి, వచ్చేశారు. కాళ్ళు కాస్త పక్కకి తీసుకో అమ్మా, దారి ఇవ్వు.