మంగళ గురువారాల వణుకు

కాదు బ్రదర్ దగోగో, ముందు ఆ డ్రమ్ము కర్రలు కాస్త కింద పెట్టండి. పాట బాగాలేదని ఎవరన్నారిప్పుడు? మహా బాగుంది. అదేగా నా కొంప ముంచింది.

నేనండీ, ఇబిసోని. మీ చర్చి గోడకి అవతల ల్యాబులో పనిచేస్తానే. మొన్న మీ రక్తం తీసుకుని చేతిలో మాల్ట్ డ్రింకు సీసా, మాంసం కూరిన మీట్ పై పెట్టాను చూడండి. ఆ మీట్ పై చల్లారిపోయిందని పేటంతా చెప్పుకున్నారట. సర్లెండి, ఆ గొడవ తర్వాత.

అబ్బ, కూర్చోనివ్వండి. గోడ చుట్టి వచ్చేసరికి రుమాలు చూడండి ఎంత నల్లబడిందో. ఈ పోర్ట్ హార్‌కోర్ట్‌లో తెల్ల రుమాలు కొన్నాను, నాకు బుద్ధి లేదు.

మా పనేమిటో అప్పుడే చెప్పాను కదా? మీకు మీట్ పై ఒక్కటే గుర్తుంది. ఈ ఊరి గాల్లో తేలే మసిలో కంటికి ఆనని బొగ్గు నలుసులుంటాయి. వాటిని రక్తకణాలకి కలుపుతాం. కణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది. దాన్ని మహా సన్నటి సూదితో నొక్కి చూస్తాం, మెత్తగా ఉందా, బిగుసుకుందా అని. బోలే బండి దగ్గర నిప్పుల మీద అరటికాయ కాలిందో లేదో మీరు వేలితో నొక్కి చూడరూ, అంతే.

నొక్కితే ఏమైందనుకున్నారు? మసి కలిపిన కణం వణికింది. ఊరికే కాదు, లయగా. మసి లేనిది కిక్కురుమనలేదు. ఇంక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మా ప్రొఫెసర్ వొకోమా గారైతే దానికి నా పేరే పెట్టేశారు, ఇబిసో వణుకని. మా అమ్మ ఆ ముక్క మార్కెట్లో రొయ్యలమ్మేవాళ్ళందరికీ చెప్పింది. వాళ్ళు నాకేదో జ్వరం తగిలిందనుకుని కషాయం పంపించారు.

నవ్వకండి బ్రదర్. నవ్వించడానికి రాలేదు.

పోయిన గురువారం యంత్రం తెర మీద కణం కదలికని చూపే గీత వణుకుతుంటే చూస్తూ కూర్చుని, నాకు తెలీకుండానే పాట అందుకున్నాను. మీ పాటే. మధ్యలో ఒకచోట మీరు ఎప్పుడూ ఒక దెబ్బ తప్పుతారు చూశారూ? కాదనకండి, తప్పుతారు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి గీత కూడా తప్పింది.

వెంటనే తారీఖులు లెక్కేశాను. ఆలోచిస్తే, మసి కలిపిన కణాల్ని నొక్కిందల్లా మంగళ, గురువారాల్లోనే. మీ ప్రాక్టీసు ఎప్పుడు? ఆఁ, అదే. మసి లేనివాటిని నొక్కిన రోజుల్లో మీ చర్చిలో పిల్లి కూడా ఉండదు. వణికింది కణం కాదు, దాని కింద ఉన్న బల్ల. మీ రక్తం మీ డ్రమ్ముకే గంతులేస్తుంటే, నేను దాన్ని శాస్త్రమనుకున్నాను.

ఇవాళ మంగళవారం. ఆ వణుకు చూపించడానికి వొకోమా గారు రాజధాని అబుజా నుంచి, మాకు యంత్రం ఇచ్చిన పెద్దవాళ్ళని తీసుకొస్తున్నారు. వాళ్ళకి నచ్చకపోతే సూది యంత్రం పట్టుకుపోతారు, ల్యాబుకి తాళమే. ఆయనకి చెప్పలేదా అంటారా? చెప్పబోయాను. "ఇబిసో, నీకు వినయం ఎక్కువైంది" అని భుజం తట్టి వెళ్ళిపోయారు.

డ్రమ్ము లేకపోతే కణం ఏం చేస్తుందనా? నిన్న చూశాను. మీ రక్తంలోదే. మసి లేనిది మెత్తగా లోపలికెళ్ళి, మళ్ళీ పైకొచ్చింది. మసి కలిపింది ఎండిన తోలులా బిగుసుకుపోయింది. వణుకూ లేదు, పాటా లేదు. సూదికి లొంగలేదంతే. చూస్తుంటే నాకు భయమేసింది. మనందరం పీల్చే మసే కదా అది.

అదే వాళ్ళకి చూపించాలి. చూసి మెచ్చుకుంటారో, యంత్రం ఎత్తుకుపోతారో, నాకేం తెలుసు?

అందుకే మిమ్మల్ని ఆపమని అడగడానికి బయల్దేరాను. తీరా మీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి, ఇంకాస్త గట్టిగా వాయిస్తారా అని అడగబుద్ధేసింది. చూశారా నా బుద్ధి.

కాబట్టి ఆ కర్రలు నాకిచ్చేయండి. ఇవాళ్టికి మెల్లగా చప్పట్లతో కానివ్వండి, వాళ్ళు వెళ్ళాక తెచ్చిస్తాను. మీ దగ్గరుంటే మధ్యలో నేనే పరిగెత్తుకొచ్చి వాయించమంటాను.

ఏమిటి, నా చేతులా? అవునండీ, వణుకుతున్నాయి. ఇది మాత్రం నిజంగా ఇబిసో వణుకే.