దస్తగిరన్న కారు ఫ్యాను

దస్తగిరని మా వీధిలోనే ఉంటాడు, దూదేకుల మనిషి. బాడుగ కారు తోలేవాడు. ఆయప్ప పెండ్లాం కాశీంబీ, నేను వదినా అని పిలిచేదాన్ని. ఆ కారు ఎంత పాతదంటే, వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఇంజను ముందర నీళ్లు చల్లార్చే కరెంటు ఫ్యాను ఉంటాది గదా, అది తనంతట తాను తిరిగేదీ ఆగేదీ పోయింది. ఎవురో దాన్ని నేరుగా కలిపేసినారంట, తాళం తిప్పితే చాలు, బండి ఆపేదాకా తిరగతానే ఉండేది. డీజిలు ఎంత పోసినా చాలేది కాదు. ఒకనాడు ఏమైందంటే, జమ్మలమడుగులో ఒక ముసలి మెకానిక్కు చూసి చెప్పినాడంట, ఆ ఫ్యాను ఊరికే తిరగదప్పా, దానికి కరెంటు నీ ఇంజనే పుట్టించాల, ఆ బరువుకు డీజిలు పోతాది, పైగా ఇంజను సరిగ్గా కాగకుంటే ఇంకా ఎక్కువ తాగుతాది అని. బండి ఉరుకుతా ఉంటే ఎదురుగాలే చాలంట. నిలబడినప్పుడు, మెల్లగా కొండదారి ఘాటెక్కేటప్పుడు, అప్పుడు మాత్రం ఫ్యాను కావాలంట. అట్లా చెప్పి స్టీరింగు కింద ఒక స్విచ్చి పెట్టిచ్చినాడు.

ఇంక చూడండి, ఆయప్ప ఆ స్విచ్చి మీదనే బతికినాడనుకోండి. నీళ్లు కాగే ముందు లోపల సన్నగా గుసగుసమంటాదంట, అది చెవినబడితే వేసేవాడు, తగ్గితే తీసేసేవాడు. పొద్దున్నే బ్రష్షు పెట్టి రేడియేటరులో ఇరుక్కున్న పొట్టూ దుమ్మూ దులిపేవాడు. ముందర ప్రొద్దుటూరు పోయొచ్చే డీజిలుతోనే ఇప్పుడు ప్రొద్దుటూరు పోయొచ్చి, మళ్లా జమ్మలమడుగు పోయొచ్చేవాడంట. అంత బాగుంటే ఏమైందంటే, ఆయప్పకు చెవులు పోయినాయి. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. ఎవురికీ చెప్పలే. చెవిటోని కారు ఎవురెక్కుతారు, మీరెక్కుతారా? కాశీంబీ వదిన కనిపెట్టింది. కనిపెట్టి ఏం జేసిందంటే, ప్రతి బాడుగకూ ముందు సీట్లో కూచోబట్టింది. నీళ్లు గుసగుసమంటే మొగుని మోకాలు మీద ఒకసారి తట్టేది, ఫ్యాను వెయ్యమని. రెండుసార్లు తడితే తియ్యమని. మాకు తెలీదు గదా అప్పుడు. ఈ వయసులో ఏం సరసమమ్మా మీకు అని నేనే ఎగతాళి చేసినా. ఆయమ్మ నవ్వి ఊరుకునేది. ఫ్యాను తనంతట తాను తిరిగేట్టు చేసే ముక్క కొత్తది వేపిచ్చుకోమని వదిన ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడెందుకు వేపిచ్చినావని జనం అడిగితే ఏం చెప్పాల, చెవుల సంగతి బయటపడదా అనేవాడంట ఆయప్ప. దాంతో అట్లే నడిచింది, రెండేండ్లు.

మొన్న ఎండాకాలం, మధ్యాన్నం పూట, వదినకు గుండెల్లో నొప్పొచ్చింది. చెమటలు పోసినాయి, చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ మాదిరి. ఆస్పత్రికి పోదామని ఆ కార్లోనే ఆయమ్మను వెనక సీట్లో పండబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నా. ముందు సీటు ఖాళీ. ఘాటు మొదలయ్యేతలికి ముందర నాపరాళ్ల లారీ, నడిచేవాళ్లకన్నా మెల్లగా పోతాంది. గాలి లేదు. దస్తగిరన్న కండ్లన్నీ అద్దంలో పెండ్లాం మీదనే ఉన్నాయి. ఘాటులో ఫ్యాను వెయ్యాలని తెలీకనా? తెలుసు. కానీ రెండేండ్లుగా ఆ మోకాలు మీద తడితేనే చెయ్యి స్విచ్చి కాడికి పోయేది. అప్పుడు వదిన కండ్లు తెరిచి, "ఫ్యానెయ్యి" అన్నాది. గొంతు లేదు, గాలి మాదిరొచ్చింది మాట. నేనేమనుకున్నానంటే, ఉడకపోస్తాంది పాపం అనుకున్నా. పైట కొంగుతో విసిరినా. మళ్లా "ఫ్యానెయ్యి" అన్నాది. ఇంకా బిరబిరా విసిరినా. మూడోసారి చెయ్యి ముందుకు చాపింది, మొగుని సీటు అందలేదు. ఆ చెయ్యి పట్టుకొని, పోతాండాం లేమ్మా, వచ్చేస్తాది ఆస్పత్రి అని మళ్లా నా ఒళ్లో పెట్టుకున్నా. ఏదో కాలిన వాసనొస్తాంటే లారీ బ్రేకులనుకున్నా. బానెట్టు కింద నుంచి పొగ లేచేతలికి ఇంజను పట్టేసింది. అంతే, మళ్లా కదల్లే. ఇంకో బండి దొరికేతలికి గంట పట్టింది. ఆ గంటలోనే, నా ఒళ్లోనే, పోయింది.

నలభై దినాలైనాక నన్ను పిలిచి, చెవుల సంగతి, మోకాలు సంగతి అప్పుడు చెప్పినాడు ఆయప్ప. చెప్పి, నా మొగం చూసి అడిగినాడు, "వెనక ఏమన్నా అన్నాదా?" అని. నేను తల అడ్డంగా ఊపినా. లేదు అని. "ఆయమ్మ నన్ను మర్చిపోయి పోయింది" అని ఒక మాటన్నాడు ఆయప్ప. కారు తూకానికి అమ్మేసినాడు. ఇప్పుడు అరుగు మీద కూచోనుంటాడు, పెడితే తింటాడు, లేకుంటే లేదు. చెప్పొచ్చు గదా అంటారు మీరు. ఎట్లా చెప్పేది? ఆయప్పకు వినపడాలంటే గొంతు చించుకొని అరవాల. "ఫ్యానెయ్యి అన్నాది, నేను కొంగుతో విసిరినా" అని వీధిలో నిలబడి నేను అరవాల. నా వల్ల కాలే. అందుకే ఆయప్పకు తప్ప అందరికీ చెప్తాండా.